ఎండకు ఆశ్రయం ఏది?

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సూటిగా విశాఖపట్నం మీదికే వచ్చింది. చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. అయినా రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందలోపే. ఆ తర్వాతి వేసవిలో, 2015 మే నెలలో, పెనుగాలి లేదు, కుండపోత లేదు, సముద్రం ఉన్నచోటే ఉంది. ఎండ కాసిందంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి దాదాపు రెండువేల మంది చనిపోయారు. అంతకుముందు 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రం మూడువేల మందికి పైగా పోగొట్టుకుంది.

ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు లేని రోజుల్లో మనవాళ్లు ఈ ఎండలకు ఎలా తట్టుకున్నారన్న ప్రశ్న ఏటా మార్చి రాగానే పత్రికల్లోకి వస్తుంది. జవాబులు రెండు రకాలు. మట్టికుండ, మండువా ఇల్లు, చద్దన్నం, వేపచెట్టు అంటూ పాతకాలాన్ని స్వర్ణయుగం చేసేది ఒకటి. అదంతా గతిలేక పడిన కష్టమేనని కొట్టిపారేసేది ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ రెండూ వస్తువుల చుట్టూనే తిరుగుతాయి. మనిషిని కాపాడినది కుండా పెంకూ మాత్రమే కాదు. ఏ వేళ పనిచేయాలి, ఏ వేళ ఆగాలి, దారిలో నీళ్లెవరిస్తారు, నీడ ఎవరిది అన్న ఏర్పాటు వాటి వెనక ఉంది. ఆ ఏర్పాటులో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్నది కూడా చూస్తే తప్ప అప్పటినీ ఇప్పటినీ న్యాయంగా పోల్చలేం.

ముందు ఇంటి సంగతి. తెలుగు నేలంతా ఒకే వాతావరణం కాదు గనుక ఇళ్లూ ఒకే తీరున లేవు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టిళ్లు కట్టుకున్నారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా లేచే తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే గుమ్మంలోకి వంగి వెళ్లాలి. గాలి పట్టుకుని పీకడానికి మూల ఉండదు, గోడకు ఎండ తగలదు. తుపానుకూ ఎండకూ ఒకే రూపంతో జవాబు చెప్పిన ఇల్లు అది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఉన్నవాళ్లు మండువా లోగిళ్లు కట్టారు. నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ వసారాలు, పైన పెంకు. వేడెక్కిన గాలి ఆ నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది, వసారాల్లోకి కొత్తగాలి వస్తుంది. రాయలసీమలో మట్టిమిద్దెలు. దూలాల మీద కొయ్యలో బండలో పరిచి, ఆపైన మందంగా చౌడుమట్టి వేస్తారు. పగటి వేడి అంత మందం దాటి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. అది దిగేవేళకు ఇంటివాళ్లు మిద్దె మీద, చల్లగాలిలో ఉంటారు.

ఇంత తెలివైన ఇళ్లను ఎందుకు వదిలేశారు? మోజుకొద్దీ అనుకోవడం ఆ ఇళ్లలో బతికినవాళ్లకు అన్యాయం. తాటాకు కప్పు చల్లనిదే, కానీ వేసవిలో ఒక్క పొయ్యి నిప్పురవ్వకు వాడ వాడే బూడిదయ్యేది. మండిన గుడిసెలో బియ్యం పోయేవి, ఆడపిల్ల పెళ్లికి దాచిన నాలుగు రూపాయలు పోయేవి, ఒక్కోసారి పసిబిడ్డలు పోయేవారు. కప్పుకు ఏటేటా ఆకు మార్చాలి. మిద్దెకు ఏటేటా మట్టి పరచకపోతే ముసురుకు కారుతుంది, నాని కూలుతుంది. గోడలు మెత్తడం, పేడ అలకడం ఆడవాళ్ల నడుములు విరిచే చాకిరీ. అందుకే ప్రభుత్వం పక్కా ఇల్లు ఇస్తానంటే జనం ఎగబడి తీసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ పక్కా ఇంటి నమూనా గీసినవాళ్లది. శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఆదిలాబాదుకూ ఒకే పెట్టె: ఇటుక గోడలు, నాలుగైదంగుళాల స్లాబు, చిన్న కిటికీ, చెట్టుకు చోటులేని స్థలం. స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది. స్లాబు దాకా రాలేనివాళ్లది సిమెంటు రేకు. మధ్యాహ్నం దాని కింద కూర్చోవడం కంటే వీధిలో వేపచెట్టు కింద కూర్చోవడం మేలు, వీధిలో ఇంకా వేపచెట్టు మిగిలి ఉంటే. అగ్గిభయం పోయింది, వాన భయం పోయింది, ఎండ ఇంట్లోకి వచ్చింది.

తిండి విషయంలో తెలుగువాళ్లకు చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి అతిథిసేవను ఋతువుల వారీగా వర్ణించాడు. వేసవిలో ఆయన పెట్టే భోజనం నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, మజ్జిగ, చెరుకురసం, లేత కొబ్బరినీళ్లు, సువాసన వేసిన చల్లని నీళ్లు. చక్రవర్తి అయినా కవి గమనించినది మామూలు సంగతే: ఎండాకాలం కడుపులోకి పోవలసింది ముఖ్యంగా నీరూ ఉప్పూ. పేదల ఇంట అదే పని తరవాణి చేసింది, రాగి అంబలి చేసింది, తెలంగాణలో జొన్న గట్క, మజ్జిగ చేశాయి. ఉప్పు వేసిన గంజికీ ఇవాళ ఆసుపత్రిలో ఇచ్చే ఓఆర్ఎస్‌కూ సూత్రంలో పెద్ద తేడా లేదు. శ్రీరామనవమి పానకం, వడపప్పు, విసనకర్ర, వైశాఖంలో నీటికుండ దానం, గొడుగు చెప్పుల దానం, ఇవన్నీ పుణ్యం పేరుతో వేసవి సరంజామా చేతులు మారే దారులు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్నది మాత్రం నమ్మకమే. దాన్ని పట్టుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరడం ప్రమాదం. నిజంగా వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి ఆ కాలంలో మందు లేదు. ఒళ్లంతా చల్లటి నీళ్లతో, మంచుతో వెంటనే చల్లబరచడం ఇప్పటి వైద్యం చెప్పే మొదటి పని. మూర్ఛపోయినవాడి నోట్లో నీళ్లు పోయకూడదన్నది కూడా ఊళ్లలో ఇంకా చెప్పవలసిన మాటే.

చలిపందిరి సంగతి వేరేగా చెప్పుకోవాలి. శాతవాహన రాజు హాలుడి పేరిట ఉన్న గాథాసప్తశతిలో బాటసారికి నీళ్లు పోసే అమ్మాయి గాథ ఒకటుంది. అతను ఆమెను చూస్తూ ఉండాలని వేళ్లు ఎడం చేసి దోసిలి పడతాడు, ఆమె ధార సన్నం చేసి పోస్తుంది. శాతవాహనుల నాటికే ఈ నేలమీద దారిపక్క నీటిపందిరి అంత మామూలు విషయమన్నమాట. నడిచి వెళ్లే మనిషికి దాహం వేస్తుందని, ఆ దాహం తీర్చడం ఊరి పని అని ఒప్పుకున్న సమాజం అది.

అయితే ఆ దోసిలికి ఇంకో చరిత్ర కూడా ఉంది. దళితుడి దోసిట్లో నీళ్లు పైనుంచి, తగలకుండా పోసేవారు. ఊరి బావి అతనిది కాదు, చెరువులో రేవు వేరు, రచ్చబండ మీద మర్రినీడ కూడా అతనిది కాదు. వాడ ఊరికి దూరంగా, చాలాచోట్ల చెట్టు లేని పల్లపు నేలలో ఉండేది. ఇదేదో పురాతన కాలపు మాట కూడా కాదు. 1985 జులైలో కారంచేడులో ఆరుగురు మాదిగల హత్యకు దారితీసిన గొడవ తాగునీటి చెరువు దగ్గర, గేదెల కడుగునీళ్ల విషయంలో మొదలైంది. కాబట్టి పాత ఊరి చల్లదనం గురించి రాసేటప్పుడు అది ఎవరికి చల్లగా ఉండేదో కూడా రాయాలి.

కరవులదీ అదే కథ. గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరవు, రాయలసీమను తుడిచిపెట్టిన 1876-78 నాటి ధాత కరవు చూశాక, పాతకాలపు జనం ప్రకృతితో సామరస్యంగా బతికారన్న మాట నోట రాదు. ఆ రోజుల్లో వడదెబ్బకు ఎందరు పోయారో ఎవరూ లెక్క రాయలేదు. వేసవిలో పోయిన ముసలివాళ్లూ పసివాళ్లూ ‘జ్వరం వచ్చి’ పోయినట్టే లెక్క.

ఇన్ని అన్నాక కూడా పాత ఏర్పాటులో ఒక అంశం నన్ను వదలదు. అది వేళ. కోడికూతకు ముందే మడక కట్టేవారు. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఎడ్లను విప్పేవారు. మధ్యాహ్నం మనిషీ పశువూ చెట్టుకింద ఉండాల్సిందే, పొద్దు వాలాకే మళ్లీ పని. పంచాంగం కూడా అందుకు సాయపడింది. మే రెండో వారంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8కి మృగశిర. కార్తెల పేర్లు నిరక్షరాస్యుడికీ తెలుసు. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నమాట ఆ పక్షం రోజులకు ఊరూరా వినిపించే హెచ్చరిక. పెళ్లిళ్లు తెల్లవారుజామున, ప్రయాణాలు వెన్నెల్లో, నిద్ర ఆరుబయట నులకమంచం మీద. ఎండను జయించాలని ఎవరూ అనుకోలేదు, దానికి అడ్డం తప్పుకున్నారు. పాలేరుకు ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉండేదని కాదు. కానీ ఎద్దు మధ్యాహ్నం పనిచేయదు గనుక ఎద్దు వెనక ఉన్న పాలేరుకూ ఆ నాలుగు గంటలు దక్కేవి. ట్రాక్టరు వచ్చాక అదీ పోయింది.

చలిదీ వానదీ కథ క్లుప్తంగానే చెప్పొచ్చు. ఆదిలాబాదు అడవుల్లో, లంబసింగి కొండల్లో రాత్రి నెగడు పక్కనే గడిచేది. దక్కను గొర్రె ఉన్నితో కురుమలు నేసిన గొంగడి కాపరికి పరుపు, దుప్పటి, తలమీదుగా కప్పుకుంటే గొడుగు, మధ్యాహ్నం నీడ. ఆ నల్లగొర్రె స్థానంలో మాంసం కోసం పెంచే జాతులు వచ్చాక ఉన్ని తగ్గింది, మగ్గాలు తగ్గాయి.

తుపాను సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ పాతదానికీ కొత్తదానికీ పోటీయే లేదు. సముద్రం రంగు, మబ్బు కదలిక, గాలి మళ్లిన దిక్కు చూసి బెస్తలు పడవలు ఒడ్డుకు చేర్చేవారు. ఆ జ్ఞానం గొప్పదే, కానీ అది ఉప్పెన నుంచి ఊరిని కాపాడలేదు. 1789లో కోరంగి, 1864లో బందరు ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్క బందరు ప్రాంతంలోనే ముప్పైవేల మంది పోయారంటారు. 1977లో కూడా దివిసీమలో బతికినవాళ్లలో చాలామంది తాటిచెట్టునో తుమ్మకొమ్మనో కరచుకుని బతికారు. హెచ్చరిక ఉంది, అది పాలకాయతిప్ప లాంటి తీరపు పల్లెలో గుడిసె దాకా రాలేదు. వచ్చినా పరుగెత్తి తలదాచుకోవడానికి గట్టి కట్టడం లేదు.

ఆ చావుల తర్వాత కోస్తా పొడవునా తుపాను ఆశ్రయాలు లేచాయి. మామూలు రోజుల్లో బడిగా, గాలి రోజున ఊరంతటికీ ఇల్లుగా. మచిలీపట్నం, విశాఖల్లో రాడార్లు వచ్చాయి. గండం ముంచుకొస్తే లక్షలమందిని ముందురోజే బస్సులెక్కించి తరలించే అలవాటు అధికారులకు పట్టుబడింది. ఫలితం ఒక్కసారిగా రాలేదు. 1990 మేలో ఇంకా వందల ప్రాణాలు పోయాయి, 1996 నవంబరు 6న కోనసీమలో వెయ్యి దాటాయి. ప్రతి దెబ్బకూ ఏర్పాటు మెరుగైంది. గమనించవలసింది ఏమంటే, తుపాను నుంచి కాపాడిన సాధనాల్లో ఏదీ ఎవరి సొంతమూ కాదు. రాడారు ఎవరూ కొనుక్కోలేదు, ఆశ్రయంలో టికెట్టు లేదు.

ఎండ విషయంలో మనం దీనికి ఎదురు దారిలో నడిచాం. ఎవరి గది వారు చల్లబరచుకున్నారు. ఏసీ యంత్రం లోపలి వేడిని తీసి, తన వేడిని కూడా కలిపి, వీధిలోకి వదులుతుంది. ఆ వీధిలోనే పారిశుద్ధ్య కార్మికురాలు ఊడుస్తుంది, తోపుడుబండి నిలుస్తుంది, ఆర్డరు పట్టుకుని కుర్రాడు బండి మీద వెళతాడు. చెట్లు రోడ్డు వెడల్పుకు పోయాయి, చెరువులు కాలనీలయ్యాయి, వసారాలు షట్టర్లయ్యాయి. ఏసీ కొనలేనివాడు పాతకాలంలోకేమీ తిరిగి వెళ్లలేదు. పాతకాలం మిగల్చిన నీడ కూడా లేని చోట ఉన్నాడు. ‘సౌకర్యాలు లేకుండా’ ఎండను తట్టుకోవడం తాతకంటే మనవడికే కష్టమైందని నేననేది అందుకే.

శరీరం లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా వేడెక్కితే చెమట ఆరడం ఒక్కటే ఒంటిని చల్లబరిచే దారి. పల్నాడులో రెంటచింతల, తెలంగాణలో రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటే చెమట ఆరుతుంది. ఆ మేరకు నీళ్లు లోపలికి పోతుండాలి. అక్కడ కుండనీళ్లు చల్లబడతాయి, వట్టివేళ్ల తడికలు పనిచేస్తాయి. మచిలీపట్నంలోనో కాకినాడలోనో 40 డిగ్రీలకే ప్రాణం తీసే ఉక్క పోస్తుంది, ఎందుకంటే తేమగాలిలో చెమట ఆరదు, కారుతుంది. కుండ కూడా అంతంతమాత్రమే. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలిచే వేడి 35కి చేరితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా ఎక్కువసేపు నిలవలేడని శాస్త్రం లెక్కగట్టింది. కష్టం చేసేవాడికీ ముసలివాడికీ హద్దు అంతకన్నా చాలా కిందే. వాతావరణ శాఖ మైదానాలకు 40, తీరానికి 37 అని వడగాడ్పుకు వేరువేరు కొలతలు పెట్టిందీ ఇందుకే. అందువల్ల ఒక ప్రాంతపు పాత ఉపాయాన్ని ఇంకో ప్రాంతానికి పట్టుకెళ్లి ‘మన పూర్వీకుల విజ్ఞానం’ అని పంచిపెట్టడం సరికాదు.

ఎవరు చనిపోతున్నారో కూడా చూడాలి. నౌపడా, చినగంజాం ఉప్పుమడుల్లో పని ముదిరేది సరిగ్గా ఎండ ముదిరినప్పుడే. భద్రాచలం అడవుల్లో తునికాకు సేకరణ ఏప్రిల్, మే నెలల్లో. గుంటూరు, ఖమ్మం మిరపకోతలు మార్చి దాటి సాగుతాయి. ఈ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. చాటుకు పోవడానికి చోటు లేక వాళ్లు దాహం వేసినా నీళ్లు తగ్గించి తాగుతారు. పని ప్రదేశంలో మరుగుదొడ్డి లేకపోవడం వడదెబ్బకు ఒక కారణమని మన ప్రణాళికల్లో పెద్ద అక్షరాలతో రాయాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అబద్ధమవుతుంది. 2010 వేసవి చావుల తర్వాత అహ్మదాబాదు 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, మన రెండు రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. స్లాబు మీద తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది, లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతాయి. ఇది నిజానికి మనం మరిచిన సున్నమే. కాకపోతే ఆ విధానంలో తప్పనిసరి అన్నది ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకు. రేకుల ఇంటివాడికి అది ఐచ్ఛికం. 2025 ఏప్రిల్‌లో అదే రాష్ట్రం వడదెబ్బను విపత్తుగా గుర్తించి మృతుడి కుటుంబానికి నాలుగు లక్షలు ప్రకటించింది. మంచి పని. కానీ అది చావు తర్వాత వచ్చేది.

నాకు అన్నింటికన్నా ఆశ కలిగించేది ఒంటిపూట బడి. మార్చి మధ్య నుంచి పిల్లలు పొద్దున్నే వెళ్లి మిట్టమధ్యాహ్నానికి ఇంటికొస్తారు. ఎవరూ దాన్ని సోమరితనం అనలేదు, చదువు పాడైందనీ అనలేదు. పాత రైతు వేళను ఆధునిక ప్రభుత్వం ఒప్పుకున్న చోటది. ఉపాధి హామీలో కూడా వేసవిలో పని కొలత తగ్గించి అదే కూలి ఇచ్చిన ఏళ్లున్నాయి. కూలీలు తెల్లవారుజామునే వెళ్లి పది పదకొండుకల్లా తిరిగొచ్చేవారు. 2023 జనవరి నుంచి హాజరుకు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరైంది. దొంగ హాజరు ఆపాలన్నది సరైన ఉద్దేశమే. కానీ పని ఐపోయాక కూడా రెండో ఫొటో కోసం ఎండలో కాచుకోవలసి వస్తే, ఆ పథకం రైతుకూలీకి ఇచ్చిన వేళను మళ్లీ లాక్కున్నట్టే.

తుపానుకు చేసినదే ఎండకూ చేయవచ్చు, అదీ కొత్త భవనాలు కట్టకుండానే. కోస్తాలో తుపాను ఆశ్రయాలు మే నెలలో, బడికి సెలవులిచ్చాక, తాళం వేసి ఉంటాయి. తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, ఐదువేల ఎకరాలకు ఒకటి చొప్పున. వీటి స్లాబుకు తెల్లరంగు, లోపల రెండు ఫ్యాన్లు, వాకిట్లో పందిరి, పొడినేలల్లో కుండలు, తీరంలో చల్లని నీటి యంత్రం, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఒక ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్, మంచు. వాతావరణ శాఖ నారింజ హెచ్చరిక ఇచ్చిన రోజున పన్నెండు నుంచి నాలుగు దాకా తలుపులు తెరిచి ఉండాలి, లోపలికి ఎవరైనా రావచ్చన్నది గోడ మీద రాసి ఉండాలి. ఖర్చు పంచాయతీ భరించగలిగినదే. చిక్కంతా ఇంకోచోట ఉంది. ఆ నాలుగు గంటల కూలి రైతు ఇస్తాడా, మేస్త్రీ ఇస్తాడా, ప్రభుత్వం ఇస్తుందా అన్నది ముందు తేలాలి. తేలకుండా తలుపు తీస్తే మిరపతోటలోంచి ఒక్కరూ లేచి రారు.